లచ్చవ్వ చూపించిన చోటు

మంగళవారం రాత్రి

మొగుళ్లపల్లి బీడులో వారం నుంచి నేల మీద డబ్బా బోర్లించి, భూమిని వేడెక్కించే వాయువు మట్టిలోంచి ఎంత వస్తోందో కొలుస్తున్నాను. తడీ కంపూ లేని చోట్లే ఎంచుకున్నాను. డబ్బాకు తగిలించిన మీటరు కదల్లేదు. ఇవాళ వాన వెలిశాక, ఆవులు మేపే లచ్చవ్వ నన్ను చూసి నవ్వింది.

"గాడ ఏముంటది బిడ్డా? ఆవులు ఉచ్చ పోసిన కాడ పెట్టు. గడ్డి నల్లగ లేసింది సూడు, గాడ."

పెట్టాను. అంకెలు ఎక్కుతూనే పోయాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. పళ్లెమంత నేల ఆకాశంలోకి ఇంత ఊపిరి వదులుతోందంటే నమ్మలేక మీటరు మళ్లీ చూశాను. ఇది భూమిని వేడెక్కిస్తుందని చెప్తే లచ్చవ్వ డబ్బా మీద చెయ్యి ఆనించింది.

"గింత బలమా గీ మట్టికి," అంది. తర్వాత మెల్లగా, "నా ఆవులది తప్పని రాయకు బిడ్డా."

అంకె రాశాను. పక్కన 'కారణం' అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.