అమ్మమ్మ బొమ్మ కింద చీటీ

అలెగ్జాండ్రియా, సోమవారం

షాకిర్ మామయ్యకు రావియా సలాములు. నా ఒంట్లో బాగానే ఉంది, బెంగ పడకు.

రోమ్‌లో చదువుకుని వచ్చిన మన ఇన్సాఫ్ అక్క బొమ్మలు నిన్నటినుంచి ఇక్కడి మ్యూజియంలో పెట్టారు. ఈ ఊళ్ళో పుట్టి పైదేశాల్లో చిత్రకళ నేర్చిన ఆడవాళ్ళందరివీ ఉన్నాయి. చూసుకోవడానికి అక్కే బతికి లేదు. అక్క వేసిన అమ్మమ్మ బొమ్మ కింద "పనిమనిషి" అని చీటీ అంటించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పనిమనిషేంటి? మా అమ్మమ్మ! అందరూ వద్దంటే మా అక్కను ఓడ ఎక్కించింది ఆవిడే," అన్నాను.

"అయ్యో, మార్చేస్తాం. పేరు చెప్పండి," అంది అక్కడి పెద్దావిడ.

"షాకిర్ వాళ్ళమ్మ."

"అది కొడుకు పేరు కదమ్మా! ఆవిడ పేరేంటి?"

ఆ పేరు నాకు తెలియదు మామయ్యా. ఇంటా బయటా అందరూ ఆవిడను అలాగే పిలిచారు. మన మగవాళ్ళు తల్లి పేరు పైకి అనరు. అడగాలని మాకూ తోచలేదు. అమ్మ బతికుంటే అడిగేదాన్ని, ఇప్పుడిక నీకొక్కడికే తెలుసు.

వెంటనే రాయి మామయ్యా. అందాకా ఆ చీటీ అలాగే ఉంటుందట. కార్డు మీదైతే పోస్టుమాన్ చదువుతాడని నామోషీ అనిపిస్తే కవర్లో పెట్టి అంటించు. అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఈసారి ఖర్జూరాలు పంపొద్దు, తినే అక్కే పోయింది. పిల్లలను దేవుడు చల్లగా చూడాలి.

అమ్మమ్మ సమాధి రాయి మీద చూసుకోమని మాత్రం రాయకు. ప్రతి పండక్కీ చూస్తూనే ఉన్నాను. అక్కడా షాకిర్ తల్లి అనే ఉంది.

రావియా