జీపుకు కొత్త కొక్కెం

అన్నా,

నీ సంవత్సరీకం పెట్టిన మర్నాడే, సేటు పటాలం వేలంలో కొన్న జీపు హఫీజ్‌పేట చెరువు దగ్గర మళ్లీ బురదలో దిగబడింది. నిరుడు ఇలాగే దిగబడినప్పుడు కొక్కెం బంపరుకు ఉండేది. లాగుతుంటే ఊడి వచ్చి, తాడు పక్కన నిలబడ్డ నిన్ను కొట్టింది.

తరువాత బాగు చేయమని జీపును మన కొలిమికే తెచ్చాడు. "బంపరుకే పెట్టు, ముంగట మంచిగ కనబడ్తది" అన్నాడు.

"కనబడేటందుకు గాదు సేటూ, గుంజేటందుకు" అన్నాను. జీపు కింద పొడుగునా ఉండే ఇనుప దూలానికి రంధ్రాలు చేసి, వెనక దన్నుగా మందపు ఇనుప పట్టీ పెట్టి, కొక్కేన్ని బోల్టులతో బిగించాను.

ఇవాళ లాగడానికి లారీ వచ్చింది. జనం ఎప్పటిలాగే తాడు చుట్టూ మూగారు. నాతో వచ్చిన వదిన, తాడు తెగినా ఎగిరిపడకుండా దాని మీద గొంగడి కప్పి, "తమాషా జూడ వచ్చిన్రా? కట్ట మీదికి పోండ్రి" అని గద్దించింది.

"నీ మరిది పని మీద నమ్మకం లేదా అక్కా?" అని ఎవరో నవ్వారు.

"వాని మీదున్నది, తాడు మీదనే లేదు. దూరం పోయి నవ్వుండ్రి."

జీపు బయటికి వచ్చింది. కొక్కెం కదలలేదు. "ఎక్కమ్మా, ఇంటికాడ దింపుత" అన్నాడు సేటు.

వదిన నడిచే వస్తానంది. నేనూ ఆమె వెంట నడిచాను.