సగమే వెలిగిన రీలు

బావగారికి,

ఎదురుగా కూర్చుంటే పెగలని నోరు నాది. అందుకే కాగితం పట్టాను. అక్కకు కూడా చదివి వినిపించండి.

పోయిన నెల పాత సామాన్ల అంగడిలో ఒక రీలు కెమెరా కొన్నాను. అప్పట్లో మీ దగ్గరున్న రకమే. ఈ వయసులో నీకెందుకురా అంటారు. చెబుతాను. ఇంటికి తెచ్చి మీట నొక్కితే షట్టరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. జీవితమంతా కుట్టుమిషన్లు బాగుచేసినవాణ్ణి కదా, నా చేతికి తెలిసిన మందు ఒకటే. ఒక చుక్క మిషను నూనె వేశాను. ముందు కాస్త ఆడింది. తెల్లారేసరికి జిగురు పట్టినట్టు బిగుసుకుపోయింది.

కెమెరాలు బాగుచేసే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. వెనక మూత తెరిచి, వాసన చూసి నవ్వింది.

"నూనె పోశావా తాతా? దీంతో జాకెట్లు కుడతావా ఏంటి?"

"ఒక్క చుక్కేనమ్మా."

"ఆ ఒక్క చుక్కే కొంప ముంచింది. ఇవి పొడిగా నడవాలి."

స్పిరిట్‌తో తుడిచి, ఎలా పరీక్షించుకోవాలో కూడా చూపించింది. రీలు లేకుండా మూత తెరిచి, తెల్లగోడ వైపు పట్టి, పైనున్న వేగం చక్రాన్ని ఒక్కో అంకెకు తిప్పి, మీట నొక్కుతూ వెనక నుంచి చూడాలట. లోపల రెండు గుడ్డ తెరలున్నాయి. ఒకటి తెరుస్తూ పోతుంది, రెండోది మూస్తూ దాని వెంటపడుతుంది. వాటి పరుగు చూస్తూ వారం రోజులు నాకు అన్నం కూడా గుర్తు రాలేదు. తర్వాత ఫ్లాష్ తగిలించి చూశాను. అరవై మీద, తెరల వెనక రీలు ఆనే చిన్న కిటికీ మొత్తం వెలిగింది. నూటపాతిక మీద సగమే. మిగతా సగం నలుపు. మళ్లీ ఆమె దగ్గరికి పరుగెత్తాను.

"ఇంకా రోగం ఉందమ్మా దీనికి."

"రోగం కాదు తాతా, దీని తీరే అంత. అరవై దాటిందంటే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. ఫ్లాష్ చూస్తే రెప్పపాటులో ఆరిపోయే. తెర మూసి ఉన్న చోటికి వెలుతురు ఎట్లా వస్తుంది?"

బావగారూ, మీ పెళ్లి ఫోటోలు గుర్తున్నాయి కదా. మీ కొత్త కెమెరా నా చేతికిచ్చి తీయమన్నారు. ఫ్లాష్‌తో తీసిన ప్రతి బొమ్మలోనూ మీరు వెలుతురులో, అక్క నిలబడిన వైపంతా నలుపు. అందరూ నామీద పడితే "కెమెరాయే పాడైంది" అన్నాను. మీరు మారు మాట్లాడలేదు. నెల తిరక్కుండా దాన్ని అమ్మేసి, స్టూడియో పెట్టాలన్న ఆశ కూడా వదిలేసి, గోడౌనులో గుమాస్తాగా చేరారు. నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ రోజు మీరు అటు తిరగ్గానే అంకెల చక్రాన్ని ఒక మెట్టు తిప్పాను. ఎటు తిప్పానో కూడా తెలియదు. అది టక్‌మని ఎలా పలుకుతుందో వినాలనిపించింది, అంతే. తప్పు కెమెరాది కాదేమో, నా వేలిదేమోనని నలభై ఏళ్లుగా లోపల పీకుతూనే ఉంది. తేల్చుకోవాలనే దీన్ని కొన్నాను. తేలింది, అరవై దాటించింది నా వేలే. మీ బతుకు దారి మళ్లించింది నేనే. ఇది చదివాక నన్ను మీ గుమ్మం తొక్కనివ్వకపోయినా తప్పు పట్టను.

మీ ముందు తలెత్తలేని
మీ బావమరిది

*

బావగారికి,

మీ కవరు రెండు రోజులు చింపలేదు. ధైర్యం చాలలేదు. చింపాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఒరేయ్ మూగన్నా," అని మొదలుపెట్టారు. "నీ చేతికిచ్చే ముందు దాన్ని రెండువందల యాభై మీద పెట్టింది నేనేరా. అంకె పెద్దదైతే బొమ్మ చెదరదని నా తెలివి. రీలు కడిగినాయన ఒక్క చూపులో చెప్పేశాడు, కెమెరా బాగానే ఉంది, అంకే తప్పని. నువ్వు కెమెరా మీదికి నెట్టావు. నాకదే బాగుందనిపించి నోరు మూసుకున్నా. ఈ మాత్రం తెలియనివాడు స్టూడియో ఏం పెడతాడని నా సిగ్గుకు నేనే అమ్మేశా. నీ మాటకు కాదు."

చదవగానే కెమెరా తీశాను. రెండువందల యాభై మీద కిటికీలో పావు వంతే వెలిగింది. నా దగ్గరున్న మీ పెళ్లి ఫోటో దించి, టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా సగం. అంటే నేను తిప్పింది నూటపాతిక వైపే! నేను వేలు పెట్టకపోయి ఉంటే మీరు కూడా ఒక చెవీ ఒక భుజమూ మాత్రమే మిగిలేవారు. చాలాసేపు మురిసిపోయాను బావగారూ, అబద్ధమెందుకు.

అప్పుడు కాగితం అడుగున అక్క రాసిన ముక్కలు కనబడ్డాయి. "తమ్ముడూ, తప్పు నాదంటే నాదని మీ బావా నువ్వూ బాగానే పంచుకుంటున్నారు. ఆ ఫోటోల్లో లేనిది నేను. నీకెలా ఉంది అని ఇన్నేళ్లలో మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు."

మిషను తెరిస్తే స్క్రూ స్క్రూనీ పలకరించేవాణ్ణి. అక్కను పలకరించలేదు.

ఆదివారం కెమెరా పట్టుకుని వస్తున్నాను. తీసేది మీరు. బొమ్మ అక్క ఒక్కదానిదే. ఎక్కడ కూర్చుంటుందో, ఏ చీర కడుతుందో, అసలు తీయించుకుంటుందో లేదో మనం అనుకోవద్దు. ముందు అక్కనే అడుగుదాం.

అక్కకు తమ్ముడు,
మీకు బావమరిది