నాటకం కాగితం మీద వేలిముద్ర

ఆలేరు, 1963. శుక్రవారం రాత్రి.

యాదగిరిగాడు నన్ను ఏడేండ్లు పిచ్చోన్ని చేసిండు.

నాటకం కంపెనోళ్లు బండి మీద డప్పు కొట్టుకుంట పంచే కాగితాలు నేను జమ చేస్త. యాదగిరిగాడు పెట్రోమాక్స్ దీపాలు కిరాయికిచ్చేటోడని వాన్ని తెర ఎనకకు రానిస్తరు. నా కాగితాల మీద వేషగాళ్ల సంతకాలు వాడే తెచ్చిచ్చేది, తెరెనక ముచ్చట్లు గూడ వాడే చెప్పేది.

ఇయ్యాల రావణాసురుని వేషమేసే వీరయ్య మా టేషన్ల రైలు దిగిండు. నేను పనిచేసే పార్సిల్ ఆఫీసులకు పిలిచి, ఆయన సంతకమున్న కాగితం మురుసుకుంట చూపెట్టిన.

"నాకు రాసుడెక్కడిది బిడ్డా? పద్యాలన్నీ ఇని నేర్చిన," అని నవ్విండు. నా బల్ల మీది స్టాంపు ప్యాడుల బొటనవేలు అద్ది, గా సంతకం పక్కనే ముద్రేసిండు.

ఇంటికొచ్చి పెట్టె తీసి చూసిన. ముప్పై కాగితాలు, సంతకాలన్నీ ఒక్కని చేతిరాతే. ఇన్నాళ్లు నా కండ్లు ఏడ పెట్టుకున్న?

సాయంత్రం యాదగిరిగాడే వచ్చి, "కొత్త కాగితమియ్యి, రేపు సంతకం తెస్త," అన్నడు.

"గీసారి వీరయ్యతోని వేలిముద్ర ఏయించుకరా," అన్న.

తల దించుకున్నడు.

సంతకాలు పోతే పోనీ. సీత వేషగాడు మీసం గొరిగించుకునుడు, రావణుడు గొంతు మంచిగుండాల్నని పాలు తాగుడు... గా తెరెనక ముచ్చట్లు గూడ వాడు అల్లినవేనా? నేనైతే మా పిల్లలకు కండ్లార చూసినట్టే చెప్పిన.