అద్దం బయట నిలబడి నేర్చిన పని

ఫిబ్రవరి 3, మంగళవారం

మళ్ళీ కుడివైపే నొప్పి. కణతలో మొదలై కంటి వెనక్కి పాకింది, అక్కడి నుంచి చెవి ముందుకు దిగింది. వాంతి కూడా అయింది. విప్పిన లేడీస్ వాచీని అలాగే వదిలేసి షట్టర్ దించాను. మైగ్రేన్ మాత్రకు తలనొప్పి తగ్గింది, దవడ నొప్పి తగ్గలేదు. ఇలాగైతే వాచీల రిపేరు మానేయాల్సిందే. ఇంకో పని నాకు రాదు. ఈ మాట మా ఆవిడ డోర్కాస్‌కు చెప్పలేదు.

ఫిబ్రవరి 4

చెప్పకుండానే తెలిసింది. రొట్టె నమలలేక పప్పులో నానబెడుతుంటే చూసింది. మీ నోట్లోంచి మాట ఎట్లాగూ రాదు, ఇప్పుడు ముద్ద కూడా లోపలికి పోదా, లేవున్రి జర, దవాఖానకు పోదాం అంది.

ఫిబ్రవరి 6

నాంపల్లిలో దవడ నొప్పులు చూసే డాక్టర్ స్నేహలత. పన్ను పీకేస్తుందనుకుని ధైర్యం కూడగట్టుకుని వెళ్ళాను. పళ్ళన్నీ బాగున్నాయట. పని చేసేటప్పుడు ఎలా ఉంటారో చూపించండి అంకుల్ అంది. జేబులోని చిన్న భూతద్దం కంటికి బిగించి వంగాను. నా చెంప మీద వేలు పెట్టి, ఏంటి, రాయి కొరుకుతున్నారా అంది. డోర్కాస్ ఒకటే నవ్వు.

మైగ్రేన్ వేరు, దవడ నొప్పి వేరు. కానీ ఒకదాన్నొకటి రెచ్చగొడుతున్నాయట. రెండింటికీ కలిపే వైద్యం. మాత్రలు ఆపకూడదు. రాత్రి పళ్ళు కొరుక్కోకుండా నైట్ గార్డ్ అనే తొడుగు. వేడి కాపడం. పెదవులు కలిసినా పళ్ళు కలవకూడదు.

ఇలా బిగించడం ఎవరు నేర్పారని అడిగింది. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు ఆబిడ్స్‌లో కోదండరామయ్య గారి వాచీల షాపు అద్దం బయట నిలబడి చూసి నేర్చుకున్నాను. ఆయన చేతులు ఎలా కదిలితే నావీ అలాగే. పని చేస్తున్నంతసేపూ ఆయన చెంప గట్టిగా ఉబ్బి ఉండేది. స్క్రూ ఎంత చిన్నదైతే పళ్ళు అంత బిగించాలి కాబోలనుకున్నాను. డాక్టర్‌కు మాత్రం, ఎవరూ లేరమ్మా అన్నాను.

ఫిబ్రవరి 9

పళ్ళు వదిలితే చేయి వణుకుతోంది. స్క్రూ ఎగిరిపోయింది. నొప్పి తగ్గి పని పోయేట్టుంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

చర్చి అయ్యాక చాదర్‌ఘాట్ వెళ్ళాను. కోదండరామయ్య గారు పని మానేసి కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయనతో మాట్లాడటం ఇదే మొదటిసారి. దవడ బిగించకుండా చేయి ఎట్లా నిలపాలండీ అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. అద్దం సంగతంతా చెప్పాల్సి వచ్చింది. నా జన్మలో ఒకేసారి అంత మాట్లాడలేదు.

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. నేనేడ బిగించిన బిడ్డా, బుగ్గల వక్క పెట్టుకునేటోన్ని, గందుకే గట్ల ఉబ్బేది అన్నారు. నా ముంజేతులు పట్టుకుని బల్ల అంచుకు ఆనించారు. బరువు గీడ పెట్టాలె, నోట్ల కాదు అన్నారు. తర్వాత కోడలిని కేకేసి, నా శిష్యుడొచ్చిండు, చాయ్ పెట్టు అన్నారు.

శిష్యుడన్నారు.

ఫిబ్రవరి 24

ఈ వారం తలనొప్పి ఒక్కసారే. అదీ మాత్రకు లొంగింది. ఆ లేడీస్ వాచీ నడుస్తోంది.

మార్చి 12, మధ్యాహ్నం

షాపులో ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. భూతద్దం తీసి చూశాను. నేనొక్కణ్ణే ఉన్నాను.