ఇరవై రెండో వరుసలో రెండు సీట్లు

విస్కాన్సిన్ రాష్ట్రం, పోర్ట్ మారియన్ నగరం, చెర్రీ వీధి కాపురస్తురాలు, కీర్తిశేషులు ఎర్విన్ డికైజర్ గారి భార్య, కాగితపు మిల్లులో పనిచేసి రిటైరయిన బెర్నడీన్ లూసిల్ డికైజర్ అను నేను, వయస్సు డెబ్బై తొమ్మిది, చెప్పి వ్రాయించుకున్న ఆఖరు వీలునామా ఏమనగా:

నా బుద్ధి స్థిరంగా ఉంది. డాక్టరు నా గుండె గురించి చాలా చెప్పాడు గానీ బుద్ధి గురించి ఒక్క మాటా అనలేదు. ఎవరి బలవంతమూ లేదు, ఎవరి ప్రోద్బలమూ లేదు. కోపం మాత్రం ఉంది. కోపంలో రాసినది రేపు కోర్టులో నిలవదేమోనని మా వకీలు నోర్బర్ట్ ఫాస్ నసిగాడు. "కాస్త చల్లబడ్డాక రాద్దామా, బెర్నడీన్ గారూ?" అన్నాడు. పదకొండేళ్ళుగా చల్లబడనిదాన్ని ఇప్పుడేం చల్లబడతాను నాయనా, నువ్వు రాయి అన్నాను. రాస్తున్నాడు.

1. పై నోర్బర్ట్ ఫాస్‌ను ఈ వీలునామా అమలు జరిపే వ్యక్తిగా నియమిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. "ఇలాంటివి వీలునామాలో రాయరండీ" అని ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. అది కూడా రాయమన్నాను.

2. చెర్రీ వీధిలోని ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది, నా కుమార్తె మార్లిస్, నా కుమారుడు రోలండ్ చెరిసగం సర్వహక్కులతో అనుభవించవలసినది. ఇందులో తగువులాడడానికి ఏమీ లేదు. ఇల్లు ఎవరికి రాశావని ఈ ఊళ్ళో నన్ను ఒక్కరూ అడగలేదు. స్టేడియంలో సీట్లు ఎవరికని మాత్రం ఇంటికి ఉత్తరాలు తెచ్చే పోస్టు మనిషి కూడా అడిగాడు.

3. చర్చి విందుకు బూయా పులుసు వండే పెద్ద ఇనుప డేగిసా, దాని తెడ్డుతో సహా, సెయింట్ ఒడీల్ చర్చికి చెందుతుంది. కోడి, ఎద్దుమాంసం, బంగాళాదుంపలు, సెలరీ వేసి తెల్లవారినప్పటి నుంచి కలుపుతూ ఉండాలి. క్యాబేజీ వేయకూడదు. నాతో పాటు అక్కడ వండే ఆర్లీన్ జాకార్ట్ వేస్తుంది. వేస్తే డేగిసా వెనక్కి తీసుకుని నోర్బర్ట్ తన గ్యారేజీలో పెట్టుకోవలసినది. ఆర్లీన్, నీ మీద నాకు ఏ కోపమూ లేదు, ఎర్విన్ పోయినప్పుడు వారం రోజులు నువ్వే మా ఇంట్లో వండావు. కానీ క్యాబేజీ వద్దు.

4. మా అల్లుడు కర్టిస్‌కు, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టుకునే ఎర్విన్ గుడిసెను ఇస్తున్నాను. కర్టిస్ ఇల్లినాయ్ వాడు, ఎర్రటోపీ జట్టు మనిషి. పండగ భోజనానికి ఆ ఎర్ర మఫ్లరు మెడలో వేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుని, టర్కీ మాంసం మారు వడ్డించమంటాడు. మంచివాడే, మార్లిస్‌ను బాగా చూసుకుంటాడు, అందుకే ఊరుకున్నాను. గుడిసె మన నీలం రంగులోనే ఉండాలి. ఒక్క ఎర్ర చుక్క పడినా ఈ దానం రద్దు.

5. మా పోర్ట్ మారియన్ జట్టు మాజీ కోచ్ వెండెల్ స్ట్రాబ్‌కు గ్యారేజీ గోడకు తగిలించి ఉన్న గజంబద్దను దఖలు పరుస్తున్నాను. గజం అంటే ఎంతో ఆ మనిషికి తెలియదు గనుక.

పదకొండేళ్ళ కిందటి జనవరి సంగతి ఇది. ఇల్లినాయ్ ఎర్రటోపీలతో మన మైదానంలోనే ప్లేఆఫ్ ఆట. ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు పై ఆటకు. నేను తుంటి ఎముక విరిగి ఆసుపత్రి మంచం మీద టీవీ ముందు పడి ఉన్నాను. ఈ కాగితం ఏ జడ్జి ముందుకైనా వెళ్ళి, ఆయనకు ఫుట్‌బాల్ తెలియకపోతే (అలాంటివాడు మా కౌంటీలో జడ్జి ఎలా అయ్యాడో ముందు అది విచారించాలి) వినండి. బంతి చేత పట్టుకుని పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. చివరి గీత దాటించి లోపలికి తీసుకుపోతే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దాటలేమని భయమేస్తే బంతిని కాలితో తన్ని ఆ స్తంభాల మధ్య నుంచి పోనివ్వచ్చు, దానికి మూడే.

మన వాళ్ళు మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఆట అయిపోవస్తోంది. గీత ఒక్క గజం దూరంలో ఉంది, నాలుగో ప్రయత్నం. మన దగ్గర ఎద్దుల్లాంటి కుర్రాళ్ళు ఐదుగురు ముందు నిలబడి ఉన్నారు. స్టేడియం అంతా లేచి నిలబడి వెళ్ళు, వెళ్ళు అని అరుస్తోంది. స్ట్రాబ్ కాలితో తన్నమన్నాడు! మూడు వచ్చాయి, స్కోరు సమం. ఆట అయ్యాక టీవీలో కనిపించి "ప్లేఆఫ్‌లో తొందరపడకూడదు" అన్నాడు. ప్లేఆఫ్‌లో కాకపోతే ఇంకెప్పుడయ్యా తొందరపడేది? మామూలు ఆటలో ఓడితే వచ్చే ఆదివారం ఉంటుంది. ప్లేఆఫ్‌లో ఓడినవాడికి వచ్చే ఆదివారం లేదు, కాబట్టి ఉన్న ధైర్యమంతా ఆ రోజే ఖర్చుపెట్టాలి. నా మంచం దగ్గర రక్తపోటు చూస్తున్న నర్సుకు కూడా ఈ సంగతి తెలుసు. "అయ్యో, ఒక్క గజమేగా!" అంది ఆ పిల్ల. దానికి ఫుట్‌బాల్ ఇష్టం కూడా లేదు.

6. లీగు పెద్దలకు నేను ఏమీ ఇవ్వడం లేదు. పొరపాటున మరిచిపోయానని ఎవరూ అనుకోకూడదని ఈ మాట ప్రత్యేకంగా రాయిస్తున్నాను.

స్కోరు సమమైతే అదనపు సమయం ఆడిస్తారు. అప్పట్లో నిబంధన ఏమిటంటే బొమ్మా బొరుసా వేయాలి. గెలిచినవాళ్ళకు బంతి. వాళ్ళు ఆ మొదటి ఊపులోనే టచ్‌డౌన్ చేశారా, ఆట అక్కడికక్కడే సరి. రెండో జట్టు బంతిని చేత్తో ముట్టుకోకుండానే ఇంటికి పోవాలి. చర్చి విందులో మొదటి పంక్తివాళ్ళు తిని లేవగానే గిన్నెలు కడిగేసి, రెండో పంక్తివాళ్ళని పొమ్మన్నట్టు. ఆ రోజు నాణెం బొరుసు పడింది. ఎర్రటోపీలు బంతి తీసుకున్నారు, టచ్‌డౌన్ చేశారు, అయిపోయింది. మన కుర్రాళ్ళు గట్టున నిలబడి చూస్తూనే ఉన్నారు.

దీని మీద నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. ముందు వరుసలో కూర్చునే డెల్బర్ట్ వాండర్‌హై "అడ్డుకునేవాళ్ళు కూడా ఆటగాళ్ళే కదే బెర్నీ, ఆపలేకపోవడం వాళ్ళ తప్పు" అంటాడు. సరే డెల్బర్ట్. మరి అవతలివాళ్ళలో అడ్డుకునేవాళ్ళు ఏం ఆపారు? వాళ్ళకు ఆపాల్సిన పనే పడలేదే! ఒక జట్టుకు పరీక్ష పెట్టి, ఇంకో జట్టును ఊరికే పాస్ చేయించారు. దీన్ని న్యాయం అన్నవాడికి బుర్ర ఉందా అసలు?

నాలుగేళ్ళ కిందట నిబంధన మార్చారు. ఇప్పుడు ఇద్దరికీ ఒక్కోసారి బంతి అందుతుంది, ఆ తర్వాతే ఎవరు ముందు పాయింట్లు తెస్తే వాళ్ళది గెలుపు. మార్చినందుకు చప్పట్లు కొట్టమంటారేమో, కొట్టను. అది ఏడేళ్ళ ముందే జరగాల్సింది. పైగా మన కొత్త కోచ్ మొన్న జనవరిలో నాణెం గెలిచి, ముందు బంతి మాకే కావాలన్నాడు! ఓరి నాయనా, రెండో వంతు తీసుకోవాలి. అవతలివాడు ఏం చేశాడో చూశాక మనకు ఎంత కావాలో తెలుస్తుంది. వాడు మూడు తెస్తే ఇంత సాహసం చాలు, ఆరు తెస్తే నాలుగో ప్రయత్నంలో కూడా తెగించాలి, అదంతా ముందే తెలిసి ఆడొచ్చు. ముందు తీసుకుంటే మూడోసారి బంతి మళ్ళీ మనకే వస్తుంది కదా అనేవాళ్ళకు ఒకటే జవాబు, మూడోసారి దాకా బతికుండాలి కదా. మొన్నా ఓడిపోయాం.

7. ఇక రోలండ్.

ఈ ఊళ్ళో స్టేడియం సీటు అంగట్లో కొనుక్కునేది కాదు. బిడ్డ పుడితే బాప్తిస్మం కన్నా ముందు సీట్ల జాబితాలో పేరు రాయిస్తారు, ఆ బిడ్డకు మనవలు పుట్టేదాకా పిలుపు రాకపోవచ్చు. లేదంటే ఎవరైనా చనిపోతూ వీలునామాలో రాసి ఇవ్వాలి. దక్షిణం వైపు ఇరవై రెండో వరుసలో ఏడు, ఎనిమిది నంబరు సీట్లు ఎర్విన్‌కు వాళ్ళ నాన్న అలాగే రాసి ఇచ్చాడు. అవి సీట్లు కూడా కావు, ఇనుప బల్ల మీద రంగుతో వేసిన రెండు అంకెలు. జనవరిలో కూర్చుంటే రెండు దుప్పట్లు కప్పుకున్నా వెన్ను జివ్వుమంటుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ నేను ఎనిమిదిలో కూర్చున్నాను. ఎర్విన్ పోయాక ఏడులో ఒక ఆటకు మార్లిస్, ఇంకో ఆటకు రోలండ్.

నా తుంటి విరిగిన వారం, ఆసుపత్రిలో నా టికెట్లు రెండూ రోలండ్ చేతిలో పెట్టి "అక్కను తీసుకుని వెళ్ళరా, నా బదులు గొంతు చించుకుని అరవండి" అన్నాను. వాడు తల ఊపాడు. అమ్మేశాడు. అమ్మినవాడు మన ఊరివాడికి అమ్మాడా? ఇల్లినాయ్ నుంచి కారులో వచ్చిన ఇద్దరు ఎర్రటోపీలకు అమ్మాడు! ఆ దిక్కుమాలిన టచ్‌డౌన్ జరిగింది సరిగ్గా మన సీట్ల వైపు గీత దగ్గరే. టీవీవాడు కెమెరా పైకి తిప్పాడు. నా సీట్లో ఒక ఎర్రటోపీవాడు, ఎర్విన్ సీట్లో ఇంకొకడు, ఇద్దరూ కావలించుకుని గెంతుతున్నారు. ఒకడి చేతిలో బీరు ఉంది. అది ఆ బల్ల మీద ఒలికింది. మంచం మీద నుంచి లేవబోయాను, నర్సు పట్టుకుంది.

ఎంతకు అమ్మాడో నేను అడగలేదు, ఇప్పుడూ అక్కర్లేదు. ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు, నేను పెట్టేశాను. ఇంటికి వచ్చాడు, తలుపు తీయలేదు. అప్పటి నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. చర్చిలో నా వెనక బల్ల మీద కూర్చుంటాడు, వాడి దగ్గు నాకు తెలుసు.

8. ఎర్విన్ కొన్న మంచు ఊడ్చే మిషను రోలండ్‌కు ఇస్తున్నాను. ప్రతి చలికాలం, నేను లేచేసరికి నా గుమ్మం ముందు మంచు ఊడ్చేసి ఉంటుంది. ఎవరు ఊడుస్తున్నారో ముసలిదానికి తెలియదనుకుంటున్నాడు. పాల ట్యాంకరు నడిపి నడిపి వీపు నొప్పి తెచ్చుకున్నవాడు, ఇంకా పార పట్టుకుని వంగుతాడు వెధవ. మిషనుకు కొత్త బెల్టు వేయించాను, ఇకనైనా దాంతో ఊడవమనండి.

9. పై ఇద్దరు పిల్లల మధ్య ఏ విషయంలోనూ, ఎప్పుడూ, బొమ్మా బొరుసా వేసి తేల్చుకోకూడదు. కిందటి వేసవిలో మార్లిస్ నన్ను చూడడానికి వచ్చి, వెళ్ళేటప్పుడు "సీట్ల గురించి బెంగ పెట్టుకోకమ్మా, నేనూ తమ్ముడూ నాణెం వేసుకుంటాంలే" అంది. నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు. అన్నం తింటున్న పళ్ళెం పక్కకు తోసేశాను. ఇన్నేళ్ళు నేను ఎవరి మీద అరిచానో, ఎందుకు అరిచానో నా కడుపున పుట్టినదానికే అర్థం కాకపోతే ఇక ఎవరికి చెప్పుకోను?

10. ఇప్పుడు సీట్లు. ఎనిమిదో నంబరు సీటును నా కుమార్తె మార్లిస్‌కు శాశ్వతంగా దఖలు పరుస్తున్నాను. కర్టిస్‌ను అక్కడికి తేకూడదు.

ఏడో నంబరు సీటును నేను ఎవరికీ రాయడం లేదు. దాని సంగతి కింది విధంగా తేలాలి.

ఈ వీలునామా చదివే రోజు రోలండ్ నోర్బర్ట్ ఆఫీసుకు రావలసినది. నా మాటలన్నీ చదవడం పూర్తయ్యాక, వాడు మాట్లాడాలి. ఆ టికెట్లు ఎందుకు అమ్మాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. ఎంతసేపు పట్టినా సరే. నోర్బర్ట్, నువ్వు గడియారం చూసుకోకు, ఫోన్ ఎత్తకు. మార్లిస్, నువ్వు మధ్యలో నోరు తెరవకు. నీకు నా నోరే వచ్చింది, అందుకే చెబుతున్నాను. వాడు నా గురించి ఏమన్నా అననీ. చెప్పడం అయ్యాక, ఆ ఏడో సీటు తమ్ముడికి ఇవ్వాలో వద్దో మార్లిస్ ఒక్కతే నిర్ణయించాలి. వద్దంటే, లేదా వాడు రాకపోతే, సీటు క్లబ్బుకు తిరిగి ఇచ్చేయవలసినది. జాబితాలో ముందున్న ఎవరో పుణ్యాత్ముడు వచ్చి మార్లిస్ పక్కన కూర్చుంటాడు.

నేను వాడిని క్షమించాననుకోవద్దు. నా కోపం అలాగే ఉంది, ఈ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ఉంటుంది. ఇది నిబంధన, అంతే. ఇద్దరికీ బంతి అందకుండా ఆట ముగించకూడదని మిల్లులో, బారులో, చర్చి మెట్ల మీద అందరితో పోట్లాడినదాన్ని, నా ఇంట్లో నేను ముగించేస్తే జనం నా సమాధి ముందు నిలబడి నవ్వుతారు. నా వంతు ఈ పేజీలన్నీ. వాడు ఇవన్నీ విని, ఏం చెప్పాలో తెలుసుకుని మాట్లాడొచ్చు. తిరిగి జవాబు చెప్పడానికి నేను ఉండను. ఉంటే ఊరుకునేదాన్ని కాదని అందరికీ తెలుసు.

ఆ ఆదివారం ఫోన్‌లో వాడు "అమ్మా, ఒక్క మాట విను" అన్నాడు. ఆ ఒక్క మాట ఏమిటో తెలియకుండానే నేను పోతున్నాను. మార్లిస్, నా బదులు నువ్వు విను.

ఇది నా ఇష్టప్రకారం రాయించి, చదివించుకుని, విని, ఒప్పుకుని పెట్టిన సంతకం. దీనికి ముందు రాసినవేవీ ఇకపై చెల్లవు.

పోర్ట్ మారియన్, 2026 ఫిబ్రవరి 11, బుధవారం.

(సంతకం) బెర్నడీన్ లూసిల్ డికైజర్

సాక్షులు:

1. డెల్బర్ట్ వాండర్‌హై, చెర్రీ వీధి. (సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తిలో ఏమీ రాయకూడదట, డెల్బర్ట్. అందుకే నీకేమీ లేదు, అలగకు.)

2. ఫిలిస్ ఊస్ట్, నోర్బర్ట్ ఫాస్ గారి ఆఫీసు గుమాస్తా.