పదిహేను సెకన్ల స్టెప్పు

నా గుండీకి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నోరు విప్పితే నేను అరుస్తాను, నువ్వు తలుపేసుకుంటావు. అందుకే కొలతల పుస్తకంలో కాగితం చించి రాస్తున్నాను. నీ ఛార్జరు కింద పెడతాను.

ముందు ఒక నిజం. ఈ ఆదివారం నిన్ను పెద్దమ్మ దగ్గరికి పంపేయాలనుకున్నాను. ఆవిడతో మాట్లాడేశాను కూడా. నాన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిన ఈ నాలుగు నెలల్లో నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడలేదు. ఫోన్ ముందు మాత్రం రోజూ గంతులే! ఇవాళ ఒక పాట, రేపు ఇంకోటి, లోకమంతా ఏది చేస్తే నువ్వూ అదే. ఈ పిల్లకి అసలు బాధంటూ ఉందా అని తిట్టుకున్నాను.

తిట్టుకోగా తిట్టుకోగా కుతూహలం పుట్టింది. అందులో ఏముందే తల్లీ అంతగా? 'సూది' అని పేరు పెట్టి దొంగ అకౌంటు తెరిచి, నీ వీడియోలు అరవై రెండూ చూశాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నా పనిలో తొడిగి చూస్తేగానీ బట్ట కుదిరిందో లేదో తెలియదు. అందుకని నిన్న సాయంత్రం కొట్టు షట్టరు సగం దించి, కత్తెర్ల డబ్బాకి ఫోన్ ఆనించి, మిషన్ మీంచి లేచి నేనూ వేశాను ఆ స్టెప్పు. నవ్వావంటే చూడు! మోకాలు పట్టేసింది. కానీ ఒకటి తెలిసింది. చెయ్యి ఎప్పుడెత్తాలో, ఎటు తిరగాలో అన్నీ ఎవరో ముందే చెప్పేశారు. నేను ఆలోచించాల్సిందేమీ లేదు. ఆ పదిహేను సెకన్లూ మీ నాన్న గుర్తు రాలేదే. పాట ఆగగానే వచ్చేశాడు. వెంటనే మళ్ళీ పెట్టుకున్నాను, నాలుగుసార్లు. ఆ వీడియోలన్నీ తీసేశాలే, నీ పరువుకేం ఢోకా లేదు.

నువ్వు చేసేదీ ఇదేనా? నిజం చెప్పు, తిట్టను. నాకైతే కుట్టుపని ఉంది, కూర్చుని ఏడవడానికి కూడా తీరిక ఇవ్వదు. నీకేముంది పాపం.

అమ్మ

*

అమ్మా,

నువ్వు తీసేశాననుకున్నవాటిలో ఒకటి 'సూది' అకౌంటులో పోస్టయిపోయింది. మొదట చూసింది నేనే. 'సూది' ఎవరో నాకెప్పుడో తెలుసు. మెడలో టేపు వేసుకున్న ఫొటో పెట్టి దొంగ అకౌంటు ఎవరు తెరుస్తారమ్మా!

అవును, అదే. అందరూ ఒకే పాటకి ఒకేలా ఊగుతుంటే, అందరి ఇళ్ళూ ఒకేలా ఉన్నాయేమో, మన ఇంట్లోనూ ఏమీ జరగలేదేమో అనిపిస్తుంది.

కానీ మొదట్లో నీ దగ్గరికే వచ్చాను. రోజూ సాయంత్రం మెట్లు దిగి కొట్టు గుమ్మం దాకా వచ్చేదాన్ని. లోపల మిషన్ చప్పుడు. అమ్మ పనిలో ఉంది, ఇప్పుడు నాన్న సంగతి ఎత్తడమెందుకని వెనక్కి వెళ్ళి ఫోన్ తీసేదాన్ని.

నీ వీడియో పదకొండుసార్లు చూశాను. స్టెప్పు బాగానే వేశావు. కానీ లేవకముందు కాసేపు మిషన్ తొక్కుతూ ఉన్నావు చూడు, అక్కడ ఆపి చూశాను. సూది కింద బట్ట లేదు. సూదిలో దారం లేదు. పైన దారపు రీలు కూడా లేదు. దర్జీ కూతుర్ని, నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

ఎన్ని సాయంత్రాలు అలా ఉత్త మిషన్ తొక్కావమ్మా?

నేను రావట్లేదని పెద్దమ్మకి చెప్పెయ్. ఇవాళ ఆరింటికి ఫోన్ పైనే వదిలేసి కిందికి వస్తాను. నువ్వు మిషన్ మీంచి కాలు తీసెయ్. నాన్న గురించి నువ్వు మొదలుపెట్టలేకపోతే నేనే మొదలుపెడతాను.

గుండీ